ఫైర్‌మన్ ఉద్యోగానికి నా ప్రిపరేషన్, స్టేషన్‌లో మొదటి ఏడాది: కొత్తగా వచ్చే తమ్ముళ్లకు

నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దుగాల ఐదింటికే ఉరికే తమ్ముళ్లు ఈ మధ్య ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ఫైర్‌మన్‌కు ఎట్ల చదవాలె? ఎట్ల ఉరకాలె?" ఒక్కొక్కరికి విడిగా చెప్పలేక అంతా ఒకచోట రాస్తున్నాను. పరీక్ష సంగతి కొంతే రాస్తాను. ఉద్యోగం వచ్చాక ఏమవుతుందో ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అది నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. 108 అంబులెన్స్‌లో ఈఎంటీ (అత్యవసర చికిత్స చేసే సిబ్బంది) శిక్షణకు వెళ్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా చదవండి. రోడ్డు మీద మీరూ మేమూ పక్కపక్కనే పనిచేస్తాం.

మాది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి మా నాన్న మోకాళ్లు నలభై ఏళ్లకే బిగుసుకుపోయాయి. నేను చెరువు కట్ట మీద ఉరుకుతుంటే ఆయన తూము దగ్గర కూర్చొని నా రౌండ్లు లెక్కపెట్టేవాడు. 2018 నోటిఫికేషన్‌లో లాంగ్ జంప్ దగ్గర నాకు పోయింది. మళ్లీ నోటిఫికేషన్ 2022లో గానీ రాలేదు. ఆ నాలుగేళ్లు పగలు పత్తి మిల్లులో పని, సాయంత్రం జిల్లా గ్రంథాలయం. ఇప్పుడు ఖాళీగా ఉన్నామని బాధపడుతున్న వాళ్లకు ఒక మాట చెప్తాను. మిల్లులో పత్తి ఎలా అంటుకుంటుందో, పైన ఆరినట్టు కనిపించినా బేళ్ల లోపల ఎలా రగులుతూనే ఉంటుందో నేను అక్కడే చూశాను. అది ఏ కోచింగ్‌లోనూ దొరకదు.

రాతపరీక్షలో నేను గమనించిన పెద్ద పొరపాటు భయం. 2022లో ప్రిలిమినరీ 200 ప్రశ్నలు, మూడు గంటలు, తప్పు జవాబుకు 0.2 మార్కు కోత. ఆ కోత చూసి మా రూమ్‌లో తమ్ముళ్లు ముప్పై నలభై ప్రశ్నలు వదిలేసి వచ్చారు. లెక్క వేసి చూడండి. నాలుగు ఆప్షన్లలో 20 ప్రశ్నలకు గుడ్డిగా పెట్టినా సగటున 5 సరిపోతాయి, 15 తప్పుతాయి. 5 మార్కులు వస్తాయి, 3 పోతాయి. అప్పటికీ 2 మిగిలే ఉంటాయి. ఇక ఒక ఆప్షన్ తప్పని ఖాయంగా తెలిస్తే వదలడం అసలు న్యాయమే కాదు. వచ్చే నోటిఫికేషన్‌లో కోత ఎంతుందో ముందు చూసుకొని ఇదే లెక్క మళ్లీ వేసుకోండి.

అరిథ్‌మెటిక్, రీజనింగ్ రోజూ గంట చేస్తే వస్తాయి, వాటి గురించి ఎక్కువ రాయను. తెలంగాణ చరిత్ర విషయంలో మన జిల్లా వాళ్లకు ఒక ధీమా ఉంటుంది, సాయుధ పోరాటం మన తాతల కథే కదా అని. కథ తెలిసినా సంవత్సరాలు తెలియవు. 1944 భువనగిరి ఆంధ్ర మహాసభ, 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణం, ఇలా తేదీలతో కూర్చొని రాసుకోండి. జనరల్ సైన్స్ మాత్రం మార్కుల కోసం చదవొద్దు. దహనానికి మూడు కావాలి, ఇంధనం, వేడి, ఆక్సిజన్ అని ఒక్క మార్కు కోసం బట్టీపట్టిన వాక్యంతోనే నేను ఇప్పుడు రోజూ పని చేస్తున్నాను.

ఈవెంట్స్‌లో, అంటే శారీరక పరీక్షల్లో, 2022కి మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, లాంగ్ జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు. 400 మీటర్ల ట్రాక్ మీద ఇది నాలుగు రౌండ్లు. రౌండుకు 1 నిమిషం 48 సెకన్లు పడితే 7:12కి చేరతారు, అంటే చేతిలో మిగిలేది మూడు సెకన్లే. అందుకని రౌండుకు 1:45 అలవాటు చేసుకోండి. మొదటి రౌండ్ జనంతో పాటు 1:25కి ఉరికి, మూడో రౌండ్‌లో డొక్క పట్టుకొని కూర్చున్న వాళ్లను మేకల అభినవ్ స్టేడియంలో ఎంతమందిని చూశానో. వారంలో ఒక రోజు పానగల్ ఉదయసముద్రం కట్ట మీద మాట్లాడుకుంటూ ఉరికేటంత నిదానంగా ఆరేడు కిలోమీటర్లు వెళ్లండి. నా ఊపిరి కుదురుకున్నది ఆ నిదానపు ఉరుకుడుతోనే. షాట్‌పుట్ చేతి బలంతో పోదు, నడుము తిప్పాలి. చూపించే వాళ్ల దగ్గర నాలుగు రోజులు నేర్చుకుంటే చాలు.

ఇక అసలు సంగతి. వట్టినాగులపల్లి శిక్షణ కేంద్రంలో హోస్ డ్రిల్, ల్యాడర్ డ్రిల్, పంప్ డ్రిల్ అన్నీ విజిల్‌కే. బండి దిగాలి, డెలివరీ హోస్ (నీళ్ల పైపు) విప్పాలి, కప్లింగ్ కలపాలి, బ్రాంచ్ (పైపు చివర నీళ్లు చిమ్మే గొట్టం) పట్టుకొని "వాటర్ ఆన్" అనాలి. సెకన్లు లెక్కపెడతారు. నేను మా స్క్వాడ్‌లో ముందుండేవాణ్ణి. ఏళ్ల తరబడి గ్రౌండ్‌లో సెకన్ల వెంట పడ్డ శరీరం కదా, అది నాకు సులువుగానే వచ్చింది.

స్టేషన్‌కు వచ్చిన మొదటి నెలల్లో, యాసంగి కోతల తర్వాత, హాలియా అవతల ఒక ఊళ్లో గడ్డివాము అంటుకుందని కాల్ వచ్చింది. బండి ఆగీ ఆగకముందే దూకాను. హోస్ విప్పి బ్రాంచ్ పట్టుకొని వాము వైపు ఉరికాను. మా లీడింగ్ ఫైర్‌మన్ వెనక నుంచి నా బెల్టు పట్టి గుంజాడు. "ఆగు బిడ్డా. ముందుగాల పైకి చూడు." చూశాను. వాము మీదుగా 11 కేవీ లైను వంగి వేలాడుతోంది. నీటి ధార ఆ తీగకు తగిలి ఉంటే ఆ కరెంటు బ్రాంచ్ దాకా, నా చేతుల దాకా వచ్చేది.

ఆయన అరవలేదు. అర నిమిషం అట్లనే నిలబడి చుట్టూ చూశాడు. గాలి ఎటు పోతోంది? పశువుల కొట్టం వైపు. లోపల ఎవరైనా ఉన్నారా? రెండు బర్రెలు కట్టేసి ఉన్నాయి. నీళ్లు ఎక్కడున్నాయి? రోడ్డు కింద వ్యవసాయ బాయి. ముందు లైన్‌మన్‌కు ఫోన్ చేయించి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనుకు కరెంటు ఆపించడం) తీసుకున్నాడు. బర్రెల తాళ్లు కోయించాడు. కరెంటు పోయిందని రూఢి అయ్యాక మొదటి నీళ్లు వాము మీద కాదు, కొట్టం కప్పు మీద కొట్టించాడు. వాము ఎట్లాగూ దక్కదు, కొట్టం దక్కుతుంది. ఆ తర్వాత జేసీబీతో గడ్డి విడదీస్తూ, తడుపుతూ, ఆర్పేసరికి తెల్లారింది.

తమ్ముళ్లూ, నేను చెప్పదలుచుకున్నది ఈ అర నిమిషం గురించే. గ్రౌండ్ మనకు ఉరకడం నేర్పుతుంది. అది లేకుంటే ఉద్యోగమే రాదు. కానీ చోటుకు చేరాక మొదటి పని చూడడం. పైన తీగలు, గాలి, మనుషులు, గ్యాస్, నీళ్లు. నేను ఇప్పటికీ ఈ అయిదింటినీ పెదాల మీద అనుకుంటూనే బండి దిగుతాను.

నీళ్ల సంగతి విడిగా చెప్పాలి. వాటర్ టెండర్‌లో, అంటే మా ఫైరింజన్‌లో, మామూలుగా 4500 లీటర్లు ఉంటాయి. వినడానికి ఎక్కువే. నిమిషానికి 450 లీటర్లు వదిలితే పది నిమిషాల్లో ఖాళీ. అందుకే పోస్టింగ్ వచ్చిన వారంలోనే మీ ఏరియాలో చెరువులు, మోటరున్న బాయిలు, వాటర్ ట్యాంకులు, బండి పోగల దారి ఎక్కడుందో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఎండాకాలంలో ఏది ఎండుతుందో ఊరి వాళ్లను అడగండి.

మన వైపు అన్నిటికంటే నాకు భయం బాయిల కాల్స్. పూడిక తీయడానికో, మోటరు బాగు చేయడానికో ఒకరు పాత బాయిలోకి దిగి సొమ్మసిల్లుతారు. కాపాడదామని తమ్ముడు దిగుతాడు, వాళ్లను చూసి పక్క చేను మనిషి దిగుతాడు. లోపల గాలిలో ఆక్సిజన్ తగ్గి ఉంటుంది, లేదా కుళ్లిన చెత్తలోంచి విషవాయువు చేరి ఉంటుంది. లాంతరు దింపి చూడాలని పెద్దలు చెప్తారు. లాంతరు ఆరితే దిగొద్దన్నది నిజమే. ఆరకపోతే దిగొచ్చన్నది మాత్రం నిజం కాదు, విషవాయువు ఉన్నా దీపం వెలుగుతుంది. మండే వాయువు ఉంటే ఆ లాంతరే ప్రమాదం. బీఏ సెట్ (వీపున గాలి సిలిండర్, మొహానికి మాస్కు) వేసుకొని, లైఫ్‌లైన్ తాడు కట్టుకొని, పైన తాడు పట్టే మనుషులు కుదిరాకే దిగాలి. బాయి గట్టు మీద తల్లి గుండెలు బాదుకుంటూ "దిగుర్రి బిడ్డా" అని ఏడుస్తుంటే ఆ రెండు నిమిషాలు ఆగడం ఎంత కష్టమో నేను రాయలేను. అయినా ఆగాలి.

బీఏ సెట్‌లో 6 లీటర్ల సిలిండర్ 300 బార్ ఒత్తిడితో నిండితే సుమారు 1800 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల చొప్పున కాగితం మీద 45 నిమిషాలు. కంగారుపడి రొప్పితే అందులో సగం సేపటికే గాలి అయిపోవస్తోందని సెట్ విజిల్ మోగుతుంది. పానగల్ కట్ట మీద నిదానంగా ఉరకమన్నది అందుకే.

గ్యాస్ ఇంట్లో లీకైతే స్విచ్ వేయొద్దు, తీయొద్దు. ఎల్‌పీజీ గాలి కంటే బరువైనది, నేల మీదనే పరుచుకుంటుంది. అందుకే కిటికీ తెరిస్తే చాలదు, కింద తలుపులు తెరవాలి. సిలిండర్ నోటి దగ్గర మంట ఉంటే, గ్యాస్ ఆపే దారి దొరక్కుండా మంట ఆర్పొద్దు. ఆర్పితే గ్యాస్ గదంతా నిండి ఇంకోచోట అంటుకుంటుంది. సిలిండర్‌ను నీళ్లతో చల్లబరుస్తూ ఉండాలి. కాగిన నూనె మీద నీళ్లు పోయొద్దని అందరికీ తెలుసు, ఎందుకో చాలామందికి తెలియదు. నీరు ఆవిరైతే సుమారు 1700 రెట్లు వ్యాపిస్తుంది. ఆ ఆవిరే మండే నూనెను మొహం మీదికి చిమ్ముతుంది.

మా శిక్షణలో పాలెం గురించి చెప్పిన రోజు ఎవరూ మాట్లాడలేదు. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టుకు తగిలి తగలబడింది. 45 మంది చనిపోయారు. చాలామంది నిద్రలో ఉన్నారు. ఆ దారిలో బస్సు ఎక్కినప్పుడల్లా నేను ఎమర్జెన్సీ కిటికీ ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూసి కూర్చుంటాను. మీరూ ఇప్పటి నుంచే చూడండి. రేపు బయటి నుంచి ఆ అద్దం పగలగొట్టాల్సిన వాళ్లు మీరే.

ఈఎంటీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. సీపీఆర్ లెక్కలు మీకు వచ్చే ఉంటాయి, 30 సార్లు నొక్కి 2 శ్వాసలు, నిమిషానికి 100 నుంచి 120, పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. బొమ్మ మీద చేసినంత సులువుగా చేనుగట్టు మీద రాదు. రెండు నిమిషాలకు లోతు తగ్గుతుంది, మనకు తెలియకుండానే. సిగ్గుపడకుండా మనిషిని మార్చండి. మేముంటే మమ్మల్ని పిలవండి. పాము కాటుకు తాడు బిగించి కట్టి, బ్లేడుతో గాటు పెట్టి తీసుకొచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ కాలు కదలకుండా ఉంచడం, మెట్టెలు, ఉంగరాలు తీసేయడం, కరిచిన టైము రాసుకోవడం, పాము విషానికి మందున్న ఆసుపత్రికి తీసుకుపోవడం, ఇవే పనులు. పత్తి చేనులో మందు కొడుతూ పడిపోయిన రైతు దగ్గరికి గ్లౌజులు లేకుండా పోవద్దు. తడిసిన బట్టలు తీసేసి ఒంటిని సబ్బు నీళ్లతో కడగండి, మందు డబ్బా వెంట తీసుకుపోండి. డాక్టర్ ముందుగా అడిగేది దాని పేరే.

చివరగా ఒక పని. ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి బేళ్లు, పేలుడు సామగ్రి కలిపి నింపిన ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలింది. ఆర్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. కరెంట్ అఫైర్స్ నోట్సులో ఒక లైనుగా చదివి వదిలేయకండి. ఆ వారంలో మీ దగ్గరి స్టేషన్‌కు వెళ్లండి, ప్రదర్శనలు ఉంటాయి. అక్కడున్న అన్నలను అడిగి నీళ్లున్న హోస్‌ను ఒకసారి పట్టుకోండి. మా స్టేషన్‌కు వస్తే నేనే చూపిస్తాను.