టీ గ్లాసు, 13.9 మిల్లీసెకన్లు

మూడ్రోజులుగా బుర్ర తినేస్తున్న బగ్ ఇవాళ దొరికింది, అదీ టీ ట్రే పుణ్యమా అని.

బాలానగర్‌లో మా ల్యాబ్‌లో పంపుల వైబ్రేషన్ కొలిచే బెంచ్ ఉంది, 16 ఛానెళ్లు, ఒక్కోదానికి సెకనుకి 10,000 రీడింగులు, అంటే మొత్తం లక్షా అరవై వేలు. దానికి ఫ్రీఆర్‌టాస్ (చిన్న పరికరాల్లో టైముకి పనులు నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) మీద డ్రైవర్ ఫ్రేమ్‌వర్క్, అంటే పరికరాన్ని నడిపే డ్రైవర్లన్నిటికీ ఆధారమైన చట్రం, రాసింది నేనే. రీడింగులు తీసుకునే కార్డులో 4096 రీడింగులు పట్టే ఫిఫో ఉంటుంది, ముందొచ్చింది ముందు బయటికెళ్లే బిందె లాంటిది, సగం నిండగానే ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి ఇటు చూడమనే పిలుపు) వస్తుంది, మిగతా సగం నిండటానికి 12.8 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి ఆలోపు వెళ్లి బిందె ఖాళీ చేస్తే సరి, లేదంటే పొంగిపోతుంది. మామూలుగా ఆ పని ఒక మిల్లీసెకను కూడా పట్టదు, 12.8 అంటే బోలెడు టైమ్ కదా అని ధీమాగా ఉన్నా.

కానీ రోజుకి రెండుసార్లు ఓవర్‌ఫ్లో, అంటే బిందె పొంగడమే. పొద్దున పదకొండుకి అటూఇటూ ఒకటి, సాయంత్రం నాలుగుకి ఒకటి. టాస్క్ ప్రయారిటీలు మార్చి చూశా, డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటాని మెమరీలోకి చేర్చే ఏర్పాటు) మీద అనుమానపడ్డా, మా జూనియర్ అయితే "అన్నా, పక్క షెడ్డులో లేత్ ఆన్ చేసినప్పుడు కరెంట్ ఊగుతుందేమో" అన్నాడు, అదీ చూశాం, కాదు. సెన్సర్‌ని వేలితో కొట్టి చూశాం, ఏమీ కాలేదు.

ఇవాళ పదకొండింటికి టీ తెచ్చే కుర్రాడు ట్రే బెంచ్ మీద టక్కున పెట్టాడు. స్క్రీన్ మీద ఓవర్‌ఫ్లో. "తమ్ముడూ, మళ్లీ పెట్టు" అన్నా. తిడుతున్నా అనుకుని "సారీ సార్, ఇంకెప్పుడూ పెట్టను" అంటాడు. కాదు నాయనా, పెట్టు అని ఓ పదిసార్లు పెట్టించా, పదిసార్లూ వచ్చింది.

సంగతేంటంటే, సెన్సర్ రేంజ్ దాటితే డ్రైవర్ ఇంటరప్ట్ లోపలే, ఫిఫో ఖాళీ చెయ్యకముందే, ఒక వార్నింగ్ లైన్ ప్రింట్ చేస్తోంది. ఆ లైన్ వెళ్లే సీరియల్ పోర్ట్ స్పీడు సెకనుకి 115200 బిట్లు, అక్షరానికి పది బిట్ల చొప్పున సెకనుకి 11,520 అక్షరాలు, 80 అక్షరాల లైన్‌కి దాదాపు 7 మిల్లీసెకన్లు. వేలితో కొడితే ఒక్క సెన్సరే అదిరి ఒకే లైన్ వచ్చేది, గట్టెక్కేవాళ్లం. ట్రే పెడితే పక్కపక్కనున్న రెండూ అదిరేవి, రెండు లైన్లు, 13.9. ఒక్క మిల్లీసెకను చిల్లర తేడాతో మూడ్రోజులు పోయాయి!

ఆ డ్రైవర్ రాసింది జూనియరే గానీ తప్పు వాడిది కాదు. ఎక్కడి నుంచైనా వాడుకోండి అని ఇలాంటి లైన్లు ప్రింట్ చేసే లాగ్ ఫంక్షన్ ఫ్రేమ్‌వర్క్‌లో పెట్టింది నేను. వీఎక్స్‌వర్క్స్ అనే ఇలాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లో లాగ్‌మెసేజ్ అని ఎప్పట్నుంచో ఉంది, అది మెసేజ్‌ని క్యూలో పడేసి వెళ్లిపోతుంది, తీరిగ్గా ప్రింట్ చేసేది వేరే టాస్క్. అది తెలిసీ బద్ధకించా. మళ్లీ లినక్స్ కొమెడి (ఇలాంటి కార్డుల కోసం లినక్స్‌లో ఉన్న డ్రైవర్ల సెట్టు) నుంచి మంచివన్నీ ఏరి తెచ్చుకున్నా అని గొప్పలు కూడా పోయా. ఒకటి మాత్రం నిజంగా బాగుంటుంది, అందులో కార్డుకి పని చెప్పేముందు సెట్టింగులు సరిచూసే కమాండ్ టెస్ట్ కూరగాయల బండి దగ్గర బేరంలా నడుస్తుంది, రీడింగుకీ రీడింగుకీ మధ్య నువ్వు 10,007 నానోసెకన్లు అడుగుతావ్, కార్డు గడియారం 50 చొప్పునే కదులుతుంది కాబట్టి అది 10,000కి ఇస్తా అంటుంది, సరే అనుకున్నాకే అసలు పని మొదలు.

మధ్యాహ్నమంతా లాగ్‌ని రింగ్ బఫర్‌లోకి (మెమరీలో గుండ్రంగా తిరిగే క్యూలోకి) మార్చా, ప్రింట్ చేసే టాస్క్‌ని అన్నిటికంటే కింది ప్రయారిటీలో పడేశా. ఫిఫో ఖాళీ చేశాకే మిగతా కబుర్లు అని క్రమం కూడా ఫ్రేమ్‌వర్క్‌లోనే బిగించేశా, డ్రైవర్ రాసేవాడికి ఛాయిస్ లేదు. ఓవర్‌ఫ్లో అయితే పోయిన చోట సున్నాలు నింపి నడిపిద్దాం అన్నాడు జూనియర్. నేను ఒప్పుకోలా. ఒక్క రీడింగ్ జారినా ఛానెళ్లు ఒకదాంట్లోకి ఒకటి జరుగుతాయి, మూడో సెన్సర్ లెక్క నాలుగో దాని పేరు మీద పోతుంది, ఎవరూ కనిపెట్టలేరు. ఆపేసి చెప్పడమే నయం. వాడు మూతి ముడిచాడు, సరేలే.

నాలుగింటికి టీ వచ్చింది. ఆ కుర్రాడు బెంచ్ వంక కూడా చూడకుండా ట్రే చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, బతిమాలితే గానీ పెట్టలేదు. పెట్టాడు. రెండు వార్నింగులు వచ్చాయి, ఓవర్‌ఫ్లో రాలేదు.