పొన్నియిన్ సెల్వన్: వేంగి కోడలి పుట్టింటి కథ

ఈ మధ్య పొన్నియిన్ సెల్వన్ రెండు భాగాలూ వరసబెట్టి మళ్లీ చూశాను. మన దగ్గర ఈ సినిమా మాటెత్తితే చాలు, "అది తమిళోళ్ల కథ, మనకెక్కదు" అంటారు. గుంటూరులో మా చుట్టాలూ అంతే, విజయవాడలో మా ఆఫీసువాళ్లూ అంతే. నాకు మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఈ కథలో ఉన్నవాళ్లు మనకు పరాయివాళ్లు కాదు, దగ్గర చుట్టాలు.

సినిమా అర్థం కాలేదన్న ఫిర్యాదులో న్యాయం ఉంది, కాదనను. 2022 సెప్టెంబర్ 30న మొదటి భాగం విడుదలైనప్పుడు విజయవాడలో మా బాబాయితో కలిసి చూశాను. ఇంటర్వెల్‌లో బయటికొచ్చి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఒరే, ఆ తెల్లగడ్డం ఆయన రాజుగారికి ఏమవుతాడ్రా? ఆ నందిని ఆయనకు కూతురా, పెళ్లామా?" అని. పెద్ద పళువేట్టరైయర్, చిన్న పళువేట్టరైయర్, ఆళ్వార్కడియాన్ నంబి అంటూ నోరు తిరగని పేర్లు గబగబా మీద పడిపోతుంటే ఎవరికైనా కష్టమే. మొదట్లో చిరంజీవి గారి గొంతు కొంత పరిచయం చేస్తుంది కానీ అది సరిపోలేదు. తమిళనాడులో అయితే ఈ కథ తెలియని ఇల్లు అరుదు. కల్కి కృష్ణమూర్తి గారు తన పత్రికలో 1950 నుంచి 1954 దాకా వారం వారం సీరియల్‌గా రాశారు, మణియం బొమ్మలు వేశారు, ఆ తర్వాత అయిదు భాగాల పుస్తకంగా వచ్చి ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉంది. ఎమ్జీఆర్ కాలం నుంచి సినిమా తీయాలని ప్రయత్నాలు. అంటే అక్కడి ప్రేక్షకుడు హాల్లోకి వచ్చేటప్పటికే కథానాయకుడు వందియత్తేవన్‌తో కలిసి ఓసారి గుర్రమెక్కి తిరిగొచ్చినవాడు. మనం ఖాళీ చేతుల్తో వెళ్లాం.

అందుకని నేను బాబాయికి పేర్లు వదిలేసి వరసలు చెప్పాను. పెళ్లిలో కొత్తవాళ్లు కనిపిస్తే "ఎవరి తాలూకు?" అని అడుగుతాం చూడండి, అలాగ. మంచంపట్టిన రాజు సుందర చోళుడు, అంటే ప్రకాశ్ రాజ్. పెద్దకొడుకు ఆదిత్య కరికాలుడు విక్రమ్, కూతురు కుందవై త్రిష, చిన్నకొడుకు అరుళ్మొళి జయం రవి, పేరులోని పొన్నియిన్ సెల్వన్ ఈయనే. రాజుగారి పెదనాన్న కొడుకు మధురాంతకుడు, సింహాసనం నాకే రావాలంటాడు. శరత్‌కుమార్ వేసిన పెద్ద పళువేట్టరైయర్ కోశాధికారి, ఆయన ముసలితనంలో కట్టుకున్న భార్య నందిని. ఈ ఇంటిగుట్టంతా కొత్తగా తెలుసుకుంటూ మనల్ని వెంట తిప్పేవాడు వందియత్తేవన్, అంటే కార్తి. ఇంతే! ఇది తెలిశాక సెకండాఫ్‌లో బాబాయి ఒక్కసారి కూడా నన్ను కదపలేదు.

ఇక అసలు సంగతి. ఈ అరుళ్మొళే 985లో గద్దెనెక్కి రాజరాజ చోళుడయ్యాడు, తంజావూరు పెద్దగుడి కట్టించాడు. ఆ గుడి గోడ మీద శాసనంలో తానిచ్చినవి, తన అక్క ఇచ్చినవి, తన రాణులు ఇచ్చినవి అని ఆ వరసలోనే చెక్కించాడు. రాణుల కంటే ముందు అక్క! తన కూతురికి కూడా ఆ అక్క పేరే పెట్టుకున్నాడు, కుందవై అని. ఆ అమ్మాయిని ఎవరికిచ్చాడో తెలుసా, మన వేంగి చాళుక్య విమలాదిత్యుడికి. వాళ్ల కొడుకుకి తాత పేరు పెట్టుకున్నారు. ఆయనే రాజరాజ నరేంద్రుడు, నన్నయ గారిచేత మహాభారతం మొదలుపెట్టించిన రాజు. మనకి ఆదికావ్యం రాయించినాయన పొన్నియిన్ సెల్వన్‌కి కూతురి కొడుకన్నమాట. మా స్కూలు పుస్తకాల్లో చోళులు ఒక పాఠంలో, నన్నయ ఇంకో పాఠంలో ఉండేవారు, మధ్యలో ఈ మేనమామల ఊసే లేదు. ఎందుకు చెప్పరో ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

సంబంధం అక్కడితో ఆగలేదు. రాజరాజ నరేంద్రుడు మేనరికం చేసుకున్నాడు, మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని. వాళ్ల కొడుకే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. అంటే ఒక తెలుగు రాజు కొడుకు చోళ రాజ్యమంతా ఏలాడు. ఆయన కింద వెలనాటి చోడులు మన చందవోలు నుంచి ఈ డెల్టా అంతా పాలించారు. రేపల్లె వైపు వెళ్లేవాళ్లలో ఎంతమందికి ఆ సంగతి గుర్తుంటుంది!

ఇంకొకటి. సినిమాలో కడంబూరు కోటలో కరికాలుడు హత్యకు గురవుతాడే, అది జరిగిన కొన్నేళ్ల తేడాలో, 973లో, ఇక్కడ వేంగిలోనూ రాజు దానార్ణవుణ్ణి జటాచోడ భీముడు చంపేసి రాజ్యం లాక్కున్నాడు. దానార్ణవుడి కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు తలదాచుకున్నది ఈ చోళుల దగ్గరే. పాతికేళ్ల పైచిలుకు పరాయి పంచన ఉండి, రాజరాజ చోళుడి సైన్యం సాయంతో ఇల్లు చేరారు. ఒకపక్క అన్నను పోగొట్టుకున్నవాడు, ఇంకోపక్క తండ్రిని పోగొట్టుకున్నవాళ్లు. ఆ కొలువులో వాళ్లు మొదటిసారి ఎదురుపడ్డప్పుడు ఏం మాట్లాడుకుని ఉంటారో అని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. మనవాళ్లెవరైనా దాన్ని నవలగా రాస్తే ఎంత బాగుండు. అప్పటి వేంగి, ఇప్పటి పెదవేగి ఏలూరు పక్కనే కదా, విజయవాడ నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చేయొచ్చు.

సినిమాగా చూస్తే నాకు మొదటి భాగమే ఎక్కువ ఇష్టం. సామంతులంతా కూడి కుట్ర చేస్తున్న చోటికి కుందవై తనంతట తనే వెళ్లి, పెళ్లి సంబంధాల మాటెత్తి వాళ్లలో వాళ్లకే ఆశలు రేపే సీన్ ఉంది చూడండి, నెత్తురు చుక్క రాలకుండా కుట్ర బీటలు వారిపోతుంది. త్రిష మొహంలో నవ్వు చెదరదు, కళ్లు మాత్రం ఒక్కొక్కర్నీ లెక్కపెడుతుంటాయి. యుద్ధాల కోసం వెళ్లినవాళ్లకి ఇది చప్పగా అనిపించి ఉండొచ్చు, నాకైతే గుండె దడదడలాడింది. రెండో భాగంలో నందిని, కరికాలుడు ఎదురుపడే సీన్‌లో ఐశ్వర్యా రాయ్, విక్రమ్ పోటాపోటీగా చేశారు. కానీ ఆ తర్వాత అంతా హడావుడి. నవల్లో ఎంతో ముద్దొచ్చే మణిమేకలై పాత్రనే తీసేశారు. కరికాలుణ్ణి ఎవరు చంపారన్నది కల్కి గారు మనకే వదిలేస్తే దర్శకుడు మణిరత్నం ఒక జవాబిచ్చేశారు. అది నాకు నచ్చలేదు.

మన చేతులు కూడా ఇందులో చాలానే ఉన్నాయి. తోట తరణి సెట్లు, శ్రీకర్ ప్రసాద్ ఎడిటింగ్, తెలుగులో తనికెళ్ల భరణి గారి మాటలు. కుందవై స్నేహితురాలు వానతిగా వేసిన శోభిత ధూళిపాళ పుట్టింది తెనాలిలో. చరిత్రలో రాజేంద్ర చోళుడి తల్లి వానవన్ మహాదేవి, కొడుంబాళూరు ఆడపడుచు, ఆవిడే ఈ వానతికి ఆధారం. ఇందాక చెప్పిన అమ్మంగదేవికి ఈమే నాయనమ్మ. తెనాలి అమ్మాయి మన వేంగి రాణికి నాయనమ్మగా నటించిందని మా పిన్నికి చెబితే, ఆవిడ అప్పటికప్పుడు టీవీలో మొదటి భాగం పెట్టించింది. పూర్తయ్యేసరికి రాత్రి పన్నెండు దాటింది, రెండోది కూడా పెట్టమంది.