ఏ1సీ 6.8 వచ్చిందని మురిసిపోయానా...

షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళయింది నాకు, టైప్ టూ. ఇన్నేళ్ళూ రిపోర్టు చేతికి రాగానే నేను చూసేది ఒక్కటే లైను, హెచ్‌బీఏ1సీ. మిగతా పేజీలు పిన్ను కూడా తీయకుండా ఫైల్లోకి పోయేవి. ఈసారి 6.8 వచ్చింది, 7 లోపే కదా అని ఇంట్లో అందరికీ చూపించి తెగ మురిసిపోయా. డాక్టర్ గారేమో దాన్ని అలా చూసి వదిలేసి, మూడో పేజీ తిప్పి ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 118 కింద పెన్నుతో గీత కొట్టి "మరి దీని సంగతేంటండీ?" అన్నారు.

అక్కడ మొదలైంది నా చదువు. ఏ1సీ అంటే ఎర్ర రక్తకణాల్లో ఉండే హిమోగ్లోబిన్‌కి ఎంత గ్లూకోజ్ అంటుకుందో చెప్పే లెక్క, ఆ కణం బతికేది దాదాపు 120 రోజులు కాబట్టి రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది, అంతే (ఐరన్ తక్కువున్నవాళ్ళకి అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు, అదో గోల). కళ్ళల్లో, కిడ్నీల్లో ఉండే సన్న నాళాలకి ఆ నంబర్ తగ్గడం బాగా మేలు చేస్తుంది, కానీ గుండెకీ కాళ్ళకీ వెళ్ళే పెద్ద రక్తనాళాల దగ్గరికొచ్చేసరికి షుగర్ ఒక్కటే తగ్గిస్తే సరిపోదు. 2008లో అకార్డ్ అనే పెద్ద స్టడీలో ఏ1సీని 6 లోపుకి దించాలని గట్టిగా మందులు వాడిన గుంపులో మరణాలు ఎక్కువయ్యాయని ఆ ప్రయత్నాన్ని మధ్యలోనే ఆపేశారు. డెన్మార్క్‌లో స్టెనో-2 అని 160 మందితో చేసిన చిన్న స్టడీలో మాత్రం షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ అన్నిటినీ కలిపి పట్టుకున్నారు, ఎనిమిదేళ్ళు తిరిగేసరికి గుండెపోట్లు, పక్షవాతాలు దాదాపు సగానికి తగ్గాయి. అలాగని షుగర్ మందులు మానేయమని కాదు బాబోయ్, దాంతోనే పనైపోలేదు అంటున్నా.

నా 118నే తీసుకోండి, చూడ్డానికి కొంప మునిగే నంబరేం కాదు. కానీ షుగర్ ఉన్నవాళ్ళలో చాలామందికి ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు పెరిగి, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) తగ్గి, ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవైపోయి సంఖ్యలో ఎక్కువైపోతాయట. బరువు చూస్తే అదే కొలెస్ట్రాల్, కానీ ఎక్కువ చిన్న చిన్న మూటల్లో తిరుగుతుందన్నమాట, నాళం గోడలోకి దూరేది ఆ మూటలే. మూటకొకటి చొప్పున ఉండే ప్రొటీన్ని లెక్కపెట్టే టెస్టే అపోబీ. అది చేయించకపోయినా మొత్తం కొలెస్ట్రాల్లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే చాలావరకు తెలిసిపోతుంది. నాది 204లోంచి 36 పోతే 168. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఈ తీసివేత చేయలేదు నేను, సిగ్గేసింది.

అసలు షాక్ కాళ్ళ దగ్గర తగిలింది. నడిస్తే పిక్కలు పట్టేస్తున్నాయని చెప్తే కాళ్ళ నాళాల్లో అడ్డు ఉందేమో చూసే ఏబీఐ అని ఒక టెస్ట్ రాశారు. పడుకోబెట్టి చేతికీ చీలమండకీ బీపీ పట్టీలు కట్టి, పాదం మీద చల్లటి జెల్ రాసి పెన్నులాంటిది ఆనిస్తే రక్తం పారడాన్ని వినిపించే డాప్లర్ మెషిన్‌లో బుస్ బుస్ మని సౌండ్ వస్తుంది, పట్టీ బిగించే కొద్దీ ఆ సౌండ్ ఆగిపోవాలి. నా కాలికి ఎంత బిగించినా ఓ పట్టాన ఆగదే! నొప్పికి నేను పళ్ళు బిగించా గానీ నాళం మాత్రం అంత తేలిగ్గా నలగలేదు, ఎప్పటికో ఆగింది. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 1.46 వచ్చింది. 0.9 కంటే తగ్గితే అడ్డు ఉన్నట్టు అని ముందే చదువుకుని వెళ్ళా కదా, "హమ్మయ్య, చాలా ఎక్కువే ఉంది" అనేశా. టెస్ట్ చేసే అబ్బాయి నవ్వలేదు. 1.4 దాటితే మంచిది కాదంట, నాళం మధ్య పొరలో కాల్షియం పేరుకుని గొట్టంలా గట్టిపడిందని అర్థమంట, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ, లోపల అడ్డు ఉన్నా సరే ఈ నంబర్ బయటపెట్టదు. అందుకని చిన్న పట్టీ బొటనవేలికి కట్టి మళ్ళీ కొలిచారు, వేళ్ళ నాళాలు అంతగా గట్టిపడవు కాబట్టి. అక్కడ 0.62, ఉండాల్సింది 0.7 పైన.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు డోసు పెంచారు, రోజూ నొప్పొచ్చేదాకా నడిచి ఆగి మళ్ళీ నడవమన్నారు. మూడు నెలలకి ఎల్‌డీఎల్ 64 అయింది. హెచ్ఎస్ సీఆర్‌పీ అని ఒంటి లోపలి వాపుని (ఇన్‌ఫ్లమేషన్) రక్తంలో పట్టే టెస్ట్ ఒకటుంది, 3 దాటితే గుండెకి రిస్క్ ఎక్కువ అంటారు, నాకేమో 9 వచ్చి రెండు రాత్రులు నిద్ర లేదు. తీరా చూస్తే శాంపిల్ ఇచ్చిన రోజు నాకు గొంతునొప్పి, జ్వరం, ఆ మాట చెప్పకుండానే చెయ్యి చాపి రక్తం ఇచ్చొచ్చా. వచ్చే వారం మళ్ళీ ఇవ్వాలి, ఈలోపు ఎవరైనా తుమ్మితే నేను పక్క గదిలోకి పారిపోతున్నా.