చొక్కా జేబులో పాస్‌పోర్టు

సెప్టెంబర్ చివరి ఆదివారం, రాత్రి పదిన్నర

నిన్న పొద్దున కారులో అన్నిటికన్నా ముందు ఎక్కినవి నీళ్ల క్యాన్లు. తాగడానికి మనిషికి రోజుకో గాలన్ లెక్కన. వంటకు, చేతులు కడుక్కోవడానికి వేరే. నిప్పు ఆర్పడానికి ఇంకా వేరే. నాయిన గరాజ్‌లో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూస్తున్నాడు.

"ఆడ బోరింగు గూడ ఉండదా బిడ్డా?"

ఉండదు నాయినా. బోరింగు లేదు, బాత్రూం లేదు, కరెంటు లేదు, చెత్తబుట్ట కూడా లేదు.

"మరేముంటది?"

అడవి ఉంటది.

"దానికి పైసలెంత?"

పైసలేం లేవు అన్నాను. ఆయనకు అనుమానం మొదలైంది అక్కడే. లోపలికి పోయి చొక్కా మార్చుకుని వచ్చాడు. పైజేబులో పాస్‌పోర్టు, దానికి రబ్బర్ బ్యాండు.

మా నాయిన అచ్చంపేట డిపోలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. సర్వీసులో చాలా భాగం శ్రీశైలం రూట్లోనే. మన్ననూరు చెక్‌పోస్టులో రాత్రి 9కి గేటు పడిందంటే మళ్లీ లేచేది పొద్దున 6కే. అమ్రాబాద్ పులుల అడవి అది. పగటిపూట కూడా బండి ఆపి దిగితే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. అలాంటి మనిషితో, అడవిలోకి పోయి మనకు నచ్చిన చెట్టు కింద డేరా వేసుకుందాం, ఎవరికీ చెప్పక్కర్లేదు అంటే ఎట్లా నమ్ముతాడు? ఆయన వీసా మీద వచ్చినవాడు కూడా. కూతురు తెలివితక్కువ పని చేసి అందర్నీ ఇరికిస్తోందని దారంతా అనుకుంటూనే ఉన్నట్టున్నాడు.

మా ఆయనకు ఆన్‌కాల్ డ్యూటీ. అమ్మ రానంది. "నేను ఆ బాధలన్నీ పడే ఊరు దాటొచ్చిన, మళ్లా డబ్బులు పెట్టి కొనుక్కునేదుందా" అని జొన్నరొట్టెలు, పల్లీల తొక్కు, సకినాలు మూట కట్టి ఇచ్చింది. బాబు, నేను, నాయిన బయల్దేరాం.

అరిజోనాలో మేముండే చాండ్లర్‌లో సెప్టెంబర్ అయిపోతున్నా 38 డిగ్రీలు. ఐ-17 హైవే ఎక్కి ఉత్తరానికి పోతుంటే మొదట కొండల నిండా సాగ్వారో కాక్టస్‌లు, సన్‌సెట్ పాయింట్ దాటాక అవి మాయం, తర్వాత పొదలు, క్యాంప్ వర్డే లోయలోకి దిగి మళ్లీ ఎక్కేసరికి పైన్ చెట్లు. నాయినకు ఈ రోడ్డు బాగా నచ్చింది. ఘాట్‌లో లారీలు ఏ గేరులో ఎక్కుతున్నాయో చెవితోనే చెబుతూ కూర్చున్నాడు. ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర్దగ్గర 7 వేల అడుగుల ఎత్తులో ఉంటుంది. కారు దిగగానే స్వెటర్ అడిగాడు.

పోయిన నెల గ్రాండ్ కాన్యన్‌కు తీసుకుపోయినప్పుడు గేటు దగ్గర టికెట్ కొన్నాం కదా, అది నేషనల్ పార్కు. ఇది నేషనల్ ఫారెస్టు. రెంటికీ తేడా ఏంటని అడిగాడు. ఇక్కడివాళ్లలోనే చాలామందికి తెలియదు. పార్కులు ఇంటీరియర్ శాఖ కింద ఉంటాయి, ఉన్నది ఉన్నట్టు కాపాడడం వాటి పని. ఫారెస్టులు చూసే ఫారెస్ట్ సర్వీసు 1905లో పుట్టింది, అది వ్యవసాయ శాఖ కింద ఉంటుంది. అక్కడ కలప కొడతారు, పశువులు మేపుకుంటారు, వేట ఆడతారు, మాలాంటి వాళ్లు వచ్చి పడుకుంటారు, అందరి భూమి అన్నట్టు. దేశం మొత్తం మీద అలాంటి అడవులు 19 కోట్ల ఎకరాల పైచిలుకు. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా అందులో సగం రావు. మేం పోయిన కోకొనినో ఒక్కటే 18 లక్షల ఎకరాలు.

"వ్యవసాయ శాఖనా?" అన్నాడు నాయిన. మిగతాదంతా వదిలేసి అదొక్కటి పట్టుకున్నాడు. "అంటే చెట్లను పంట లెక్క చూస్తరన్నట్టు." అన్నట్టే.

180 రోడ్డు మీద కొంతదూరం పోయి మట్టిదారిలోకి తిరిగాం. ఆ దారి నంబరు నా డైరీలో కూడా రాయను. మంచి చోటు దొరికినవాళ్లెవరూ నోరు విప్పరు, నాకూ ఆ జబ్బు పట్టుకుంది. దారి పక్కన ఫారెస్టువాళ్ల బోర్డు, దానిమీద టోపీ పెట్టుకున్న ఎలుగుబంటి బొమ్మ స్మోకీ బేర్, అగ్గి ప్రమాదం ఇవాళ ఎంతో చూపించే ముల్లు. జూన్‌లో వస్తే చాలాసార్లు ఇక్కడ నిప్పు ముట్టించనివ్వరు. వానలు పడి వెళ్లాయి కాబట్టి ఇప్పుడు ఆంక్షల్లేవు. సిగ్నల్ కూడా లేదు. మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ అని ఒకటుంటుంది, ఉచితమే, ఇంట్లో ఉండగానే ఫోన్‌లోకి దించుకోవాలి. రంగుల్లేని బోడి మ్యాపు. దాంట్లో కొన్ని దారులకు రెండు పక్కలా చుక్కలుంటాయి. ఆ చుక్కలున్న చోట దారికి 300 అడుగుల లోపల కారు దింపి మకాం పెట్టుకోవచ్చు. చుక్కల్లేని చోట కారు దారి అంచునే వదిలి సామాను మోసుకుపోవాలి. ఇంతకుముందు ఎవరో దిగిన చోటైతే మరీ మంచిది, కొత్త గడ్డిని తొక్కే పని ఉండదు.

రాళ్లు గుండ్రంగా పేర్చిన పాత పొయ్యి ఒకటి కనిపించింది. అక్కడే దిగాం. బాబు తాతను లాక్కుపోయి పాండరోసా పైన్ బెరడుకు ముక్కు ఆనించి వాసన చూడమన్నాడు. ఎండ పడ్డ బెరడు వెనీలా వాసన వేస్తుంది. నాయిన మూడు చెట్లు వాసన చూసి "అన్నీ ఒక్క తీరు లేవు" అని తీర్పు చెప్పాడు. ఎత్తుగా కనిపించే శాన్‌ఫ్రాన్సిస్కో శిఖరాల కింద ఆస్పెన్ ఆకులు పసుపు తిరిగాయి. ఆ శిఖరాలు హోపీలకు, నవాహోలకు, ఇంకా చాలా తెగలకు దేవుడి కొండలు. వాటి మీదే స్కీయింగ్ రిసార్టు ఉంది, శుద్ధి చేసిన మురుగునీటితో మంచు కురిపిస్తారు. తెగలవాళ్లు కోర్టుకు పోయి ఓడిపోయారు. అందరి భూమి అన్న మాట నేను చాలా ఉత్సాహంగా చెబుతున్నా గానీ, అందరిదీ కాకముందు అది కొందరిది. నాయినకు ఇది విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. "మన చెంచోళ్ల లెక్కనే" అన్నాడు, అంతే.

మాకు కొంచెం దూరంలో పాత ట్రెయిలర్ ఒకటి ఉంది. యాభై దాటిన మనిషి, ఒక ముసలి కుక్క. నాయిన ఊరికే ఉండలేడు కదా, సకినాలు పట్టుకుని పోయాడు. నేను మధ్యలో దుబాసీ. ఆ మనిషి ఫ్లాగ్‌స్టాఫ్‌లో హోటల్ వంటగదిలో పనిచేస్తాడట. ఊళ్లో కిరాయి కట్టలేక అడవిలో ఉంటున్నాడు. ఒకచోట 14 రోజులు మించి ఉండకూడదు, నెలకు అంతే. గడువు కాగానే పక్కనున్న కైబాబ్ అడవికి మారతాడు, అక్కడ గడువు కాగానే మళ్లీ ఇటు. మాకు సరదా అయినది ఆయనకు ఇంటి అడ్రసు. తిరిగి వస్తూ నాయిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిందేమో "రోజూ డ్యూటీకి టైంకు పోతడా?" అని. పోతాడట, అయిదింటి షిఫ్టు.

వంట దగ్గర నాకూ ఆయనకూ చిన్న పేచీ. 8 వేల అడుగుల ఎత్తులో నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నె తెర్లుతూనే ఉంటుంది, బియ్యం మాత్రం పలుకు పలుకుగానే ఉంటాయి. కుక్కర్ తెచ్చాను నాయినా అంటే వినడు, కట్టెల పొయ్యి మీద గిన్నెలోనే వండుతానని కూర్చున్నాడు. కింద రాలి ఎండిన కట్టె ఏరుకోవచ్చు. తాత, మనవడు ఏరుకొచ్చారు. అన్నం గంట దాటినా ఉడకలేదు. జొన్నరొట్టెలు తిన్నాం. అమ్మ గెలిచింది.

ఇక అందరూ అడగాలనుకుని అడగని విషయం. ఇక్కడ దానికో పద్ధతి ఉంది. నీళ్లకు, దారికి, మకాముకు 200 అడుగుల దూరం పోవాలి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గుంత తవ్వాలి, పూడ్చాలి. అరిజోనాలాంటి ఎండు నేలలో కాగితం కుళ్లదు, సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చుకోవాలి. కొందరికి అది రోత, అక్కడే కాల్చేస్తారు. 2022 జూన్‌లో ఇదే శిఖరాల పక్కన క్యాంపు చేసిన ఒకాయన ఆ కాగితం కాల్చి రాయి కింద పెట్టాడు. మర్నాటికి అది పైప్‌లైన్ ఫైర్ అనే కార్చిచ్చు అయింది. 26 వేల ఎకరాలకు పైగా తగలబడింది. నేను ఇదంతా చెప్పి, బుల్లి తాపీలాంటి ప్లాస్టిక్ పార చేతికిస్తే నాయిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. సంచిలోంచి స్టీలు చెంబు తీశాడు. ఇంటి నుంచే తెచ్చుకున్నాడు! కాగితమూ లేదు, కాల్చేదీ లేదు, మోసుకొచ్చేదీ లేదు. పార మాత్రం తీసుకుపోయాడు. వచ్చాక "మేం తవ్వకపోతిమి, గదొక్కటే వీళ్లు మనకన్న నయం" అన్నాడు.

చీకటి పడ్డాక చలి ఒక్కసారిగా దిగింది. ఫ్లాగ్‌స్టాఫ్ దీపాలు కూడా ఆకాశాన్ని చెడగొట్టవు. ప్రపంచంలో మొదటి అంతర్జాతీయ డార్క్ స్కై నగరంగా 2001లో గుర్తించింది దాన్నే. వీధిదీపాలు కూడా నేలను చూసేలా పెడతారు. తూర్పున పిల్లలకోడి చుక్కలు పొడిచేదాకా నాయిన నిప్పు దగ్గరే కూర్చున్నాడు. మధ్యలో అడవిలోంచి ఈల. సన్నగా మొదలై పైకి లేచి చివర్లో గుర్రుమని ఆగింది. బాబు నా ఒళ్లోకి దూకాడు. ఎల్క్ మగది, ఇది వాటి జతకట్టే కాలం. మన కణుజు కంటే పెద్దది అని చెబితే నాయిన నమ్మలేదు, గొంతు అంత సన్నగుంటే ఒళ్లు ఎంత ఉంటదట! పొద్దున దాని డెక్క గుర్తు చూసి ఒప్పుకున్నాడు. తిండి సామానంతా కారులో పెట్టి తాళం వేశాను. ఇక్కడ నల్ల ఎలుగుబంట్లు ఉంటాయి.

పడుకోబోయే ముందు నిప్పు సంగతి వచ్చింది. నాయిన మట్టి ఎగదోసి "అయిపాయె" అన్నాడు. కాదు, నీళ్లు పోయాలి, కట్టెతో కలపాలి, మళ్లీ పోయాలి, చెయ్యి పెట్టి చూస్తే చల్లగా తగలాలి. "మంచిగ కప్పెట్టినంక ఇంకేమైతది?" నేను నానమ్మను గుర్తుచేశాను. అగ్గిపెట్టె ఖర్చు కాకుండా రాత్రి నిప్పుల మీద బూడిద కప్పి, పొద్దున ఊది రాజేసేది కదా. మట్టి చేసే పనీ అదే, నిప్పును ఆర్పదు, దాచిపెడుతుంది. 2011లో ఆరిపోయిందనుకుని వదిలేసి పోయిన క్యాంపు నిప్పు నుంచే వాలో ఫైర్ లేచింది. 5 లక్షల ఎకరాలు దాటి కాలింది, ఈ రాష్ట్ర చరిత్రలో అంతకన్నా పెద్దది లేదు. నాయిన మాట్లాడకుండా క్యాన్ ఎత్తాడు. బుస్సుమని ఆవిరి లేచింది. రెండో క్యాన్ కూడా తెమ్మన్నాడు.

పొద్దున నేను లేచేసరికి ఆయన తలకు మఫ్లర్ చుట్టుకుని, కుర్చీ దారివైపు తిప్పుకుని కూర్చున్నాడు. డేరా మీద మంచు పేరింది. "రాత్రి గూడ ఎవలు రాలే" అన్నాడు. రారు నాయినా అంటుండగానే ఫారెస్టువాళ్ల లేత ఆకుపచ్చ ట్రక్కు వచ్చి ఆగింది. నాయిన గబుక్కున లేచి పాస్‌పోర్టు తీసి రబ్బర్ బ్యాండు విప్పాడు. ముప్పై ఏళ్లు కూడా లేని అమ్మాయి దిగింది. గుడ్ మార్నింగ్ చెప్పింది. పాస్‌పోర్టు వైపు చూడనే లేదు. నేరుగా పొయ్యి దగ్గరికి పోయి, గొంతుక్కూర్చుని, బూడిదలోకి అరచేయి జొనిపింది. తల ఊపింది. చెత్త సంచి ఉందా అని అడిగి, ఉందంటే థాంక్స్ చెప్పి, ట్రెయిలర్ వైపు వెళ్లిపోయింది.

"గంతేనా?" అన్నాడు నాయిన. తమ డిపోలో వెహికిల్ తనిఖీకి వచ్చేవాళ్లు కూడా చేతికి మసి అంటకుండా రాసుకుని పోయేవాళ్లట. ఈ పిల్ల పనిమంతురాలు, ఏమడగాలో అదే అడిగింది అన్నాడు. పాస్‌పోర్టు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు గానీ జేబు గుండీ పెట్టుకోలేదు.

చెత్త సంచి కారు డిక్కీలో ఇంటిదాకా వచ్చింది. ఎవరో వదిలేసిన బీరు సీసాలు, గాజుపెంకులు కూడా అందులోనే. ఉచితం అన్నందుకు ఎంత చెత్త పోసి పోతారో చూస్తే ఒళ్లు మండుతుంది. చెత్త ఎక్కువై కొన్నిచోట్ల దారులే మూసేశారు.

ఇప్పుడు వెనక వరండాలో నాయిన ఫోన్‌లో ఉన్నాడు. అచ్చంపేటలో సోమవారం పదకొండు గంటలు. అవతల ఆయన పాత కండక్టర్ దోస్తు, స్పీకర్ పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు.

"గేటు లేదు, టికెట్ లేదు, రిజిస్టర్‌ల సంతకం గూడ లేదు."

"పులున్నదా?"

"పులి లేదు. ఎలుగుబంటి ఉన్నదంట."

"ఎన్ని దినాలు ఉండనిస్తరు?"

"నెలకు పద్నాలుగు. మేం ఒక్కటే వాడినం." కాసేపు ఆగి, ఫోన్ పక్కకు పెట్టి, కిటికీలోంచి నన్ను అడుగుతున్నాడు: "బిడ్డా, మిగిలిన పదమూడు వచ్చే నెలకు కలుస్తయా, లాప్స్ అయితయా?"