దానికి ఒక్క బెజ్జం, నాకు నాలుగు

మొదట గ్యాసే అనుకున్నాను. పాతపట్నంలో పెళ్లి భోజనం చేసొచ్చిన రాత్రి కుడి డొక్కలో పట్టేసి, నొప్పి వీపు రెక్క కిందికి పాకింది. వాము నమిలాను, వేడినీళ్లు తాగాను. అలా ఆరు నెలలు గ్యాస్ మాత్రలతోనే గడిపేశాను. ఆఖరికి బరంపురంలో స్కానింగ్ తీస్తే పిత్తాశయం నిండా రాళ్లే.

మా తోడికోడలు ఏడాది ముందే విశాఖలో తీయించుకుంది, బొడ్డు దగ్గర ఒక్క గాటుతో. పర్లాకిమిడిలో మా ఇంటికి ఎవరొచ్చినా "మచ్చే కనబడదు" అని చెప్పేది. "అక్కా, నువ్వూ అదే అడుగు" అంది. అడిగాను.

డాక్టరుగారు స్కానింగ్ ఫిలిం లైటుకి పెట్టి చూపించారు. "మీది వాచి చుట్టూ అతుక్కుపోయిందమ్మా. ఒక్క దారిలో పరికరాలన్నీ దూరిస్తే ఒకదానికొకటి తగులుతాయి. నాలుగు దారులుంటే పిత్తాశయం నాళాన్నీ రక్తనాళాన్నీ విడదీసి, కళ్లారా చూసుకుని క్లిప్పులు వేస్తాను. పైగా ఒక్క కోతలో బొడ్డు దగ్గర గాటు పెద్దది, తర్వాత హెర్నియా వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ." నాకు మచ్చ బెంగ అక్కడితో పోయింది. టెన్షన్ మాత్రం పోలేదు.

మెలకువ వచ్చాక పొట్టకంటే కుడి భుజం ఎక్కువ సలిపింది. ఆపరేషన్ పొట్టకైతే భుజమెందుకు? లోపల చోటు కోసం నింపిన కార్బన్ డయాక్సైడ్ కొంత మిగిలి, పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రమ్ అనే కండరాన్ని రేపుతుందట, ఆ కండరం నరానిదీ భుజం నరానిదీ ఒకే మూలమట. "లేచి నడవండమ్మా" అంది నర్సు. దగ్గొస్తే తలగడ పొట్టకి అదుముకోవడం కూడా ఆమే నేర్పింది. మా ఆయన జోకులు వేసినప్పుడూ అదే తలగడ.

నెల తర్వాత చూపించుకోవడానికి వెళ్తే 36 ప్రశ్నల కాగితం ఇచ్చారు. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు, మొత్తం 144 మార్కులు; ఎన్ని ఎక్కువొస్తే అంత బాగున్నట్టు. పొట్ట ఉబ్బరం, నిద్ర, విరేచనం, నీరసం, ఆఖరికి పడకగది సంగతి కూడా. మా ఆయన పక్కనే ఉన్నాడు, సిగ్గేసి ఆ ప్రశ్న ఆఖర్న నింపాను. ఫోన్లో ఫోటో తీసుకొచ్చి అరుగు మీద తోడికోడలి చేతా నింపించాను, దాని మొదటి నెల గుర్తు చేసుకుంటూ. నాకంటే దానికి మూడు మార్కులు తక్కువ. బొడ్డు నొప్పితో పది రోజులు వంగి ముగ్గు వేయలేకపోయానని అప్పుడు చెప్పింది. అంతకుముందు ఆ మాటే ఎత్తలేదు!

ఇప్పటి సంగతికొస్తే ఇద్దరిదీ ఒకటే. పిత్తం దాచుకునే సంచి లేదు కదా, అది చుక్కచుక్కగా పేగులోకి దిగుతూనే ఉంటుంది. పక్కింటి ఒడియా మాఉసి పంపే పఖాళ, అదే నీళ్లలో నానబెట్టిన చద్దన్నం, హాయిగా దిగుతుంది. కనుమనాడు మాత్రం గారెలు రెండు దాటగానే నేను లేచాను. అప్పటికే తలుపు లోపల్నుంచి గడియ పెట్టుంది. "అక్కా, ఒక్క నిమిషం!" అంది తోడికోడలు.