మూడు సైకిళ్లు, ఒక ఘాట్ రోడ్డు

నా రోడ్ బైక్‌కి గ్రూప్‌సెట్, అంటే గేర్లూ చైనూ బ్రేకులూ కలిసిన సెట్టు, మార్చాలని ఆర్నెల్లుగా అనుకుంటున్నాను. ఫ్రేమ్ బాగుంది, చక్రాలు గత ఏడాదే కొత్తవి వేయించాను. అరిగిపోయినవి మిగతావి. తొమ్మిది స్పీడ్ల షిఫ్టర్లు (గేర్ మార్చే మీటలు), డిరైలర్లు (చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి తోసేవి), క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి), చైన్, కేబుల్ లాగితే పట్టే డిస్క్ బ్రేకులు. రోజూ రాత్రి కూర్చుని బరువులూ పళ్ల లెక్కలూ చదవడం, మర్నాటికి మనసు మార్చుకోవడం. ఒకరోజు మా బావ విసుక్కున్నాడు. "ఎంతకాలం చదువుతావు? నాది తొక్కి చూడు, అన్నది తొక్కి చూడు. అప్పుడు తేల్చుకో" అన్నాడు. అలా మొదలైంది ఈ మూడు రోజుల ప్రయాణం.

అన్న అంటే మా ఇద్దరికంటే పెద్దాయన, మాకు సుదూర ప్రయాణాలు అలవాటు చేసిన మనిషి. ఆయన సైకిల్‌కి షిమనో కంపెనీ 105 గ్రూప్‌సెట్, పన్నెండు స్పీడ్లు, కేబుల్‌తో నడిచేది. బావది స్రామ్ కంపెనీ రైవల్ ఈట్యాప్ ఏఎక్స్‌ఎస్. అదీ పన్నెండు స్పీడ్లే, కానీ గేర్లకు వైర్లుండవు, బ్యాటరీతో మారతాయి. షిమనోలో కింది నుంచి క్లారిస్, సోరా, టియాగ్రా, 105, అల్టెగ్రా, డ్యూరా-ఏస్ అని మెట్లున్నాయి. స్రామ్‌లో ఏపెక్స్, రైవల్, ఫోర్స్, రెడ్. మధ్య మెట్టు అని అందరూ అనేది 105నీ రైవల్‌నీ. నా వెతుకులాట కూడా ఆ రెండింటి మధ్యే తిరుగుతోంది.

ముగ్గురి ఎత్తూ దాదాపు ఒకటే కావడం కలిసొచ్చింది. బయల్దేరే ముందు ఒక్కొక్కరి సీట్ పోస్ట్ మీద ఎవరి కొలతకు వాళ్లం సన్నటి టేప్ ముక్క అంటించాం. పెడళ్లు కూడా ముగ్గురివీ ఒకే రకం. సైకిళ్లు మార్చుకోవాలంటే సీటు వదులు చేసి టేప్ దగ్గరికి దించితే చాలు, రెండు నిమిషాల పని.

మొదటి రోజు ఎవరి సైకిల్ వాళ్లదే. మైదానంలో 60 కిలోమీటర్లు హాయిగా సాగింది. చెప్పుకోదగ్గదేమీ లేదు, ఎదురుగాలి కూడా లేదు. మధ్యాహ్నం ఘాట్ మొదలైంది. 14 కిలోమీటర్ల ఎక్కుడు, సగటున 6 శాతం వాలు. చివరి 4 కిలోమీటర్లు మాత్రం 9 శాతానికి తక్కువ ఉండదని అన్న ముందే హెచ్చరించాడు.

ఆ చివరి 4 కిలోమీటర్లలోనే నాకు అసలు సంగతి అర్థమైంది. రోడ్డు ఖాళీగా ఉంది, ముగ్గురం పక్కపక్కనే ఎక్కుతున్నాం, గంటకు 7 కిలోమీటర్ల వేగం. నా సైకిల్‌కి ముందు చిన్న చైన్‌రింగ్ (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం) 34 పళ్లు, వెనక అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రం 28. ఆ వేగంలో నా కాళ్లు నిమిషానికి 45 సార్లు తిరుగుతున్నాయి. ప్రతి తొక్కుకీ ఒళ్లంతా పక్కకు ఊగుతోంది, మోకాలి చిప్ప కింద సన్నగా నొప్పి. అన్నకి ముందు 34, వెనక 34. ఆయన కాళ్లు 55 సార్లు తిరుగుతున్నాయి. బావకి ముందు 33, వెనక 36. అతనివి 60. వేగం ముగ్గురిదీ ఒకటే! బావ ఏదో కథ చెప్పుకుంటూ వస్తున్నాడు, అన్న మధ్యమధ్యలో జవాబిస్తున్నాడు. నేను ఊఁ కొట్టడానికి కూడా ఊపిరి చాలక రోడ్డు మీది తెల్లగీత చూస్తూ తొక్కాను.

పైకి చేరాక రాతి అరుగు మీద కూలబడ్డాం. అక్కడ ఒక పెద్దాయన ఉక్కు ఫ్రేమ్ సైకిల్‌ని గోడకి ఆనించి నిలబడి ఉన్నారు. గేర్ మీటలు హ్యాండిల్ దగ్గర లేవు, కిందికి వాలిన ఫ్రేమ్ గొట్టం మీద రెండు చిన్న లివర్లు. గేర్ మార్చే మీటని షిమనో బ్రేక్ లివర్‌లోనే కలిపేసింది 1990లో, డ్యూరా-ఏస్‌తో. అంతకు ముందు చాలా రోడ్డు సైకిళ్ల మీద గేర్ మార్చాలంటే ఒక చెయ్యి హ్యాండిల్ వదిలి కిందికి వంచాల్సిందే. ఆయన ఇప్పటికీ అలాగే మారుస్తారట. నేను చూస్తున్నది గమనించి ముందు చైన్‌రింగులు చూపించారు. మూడు ఉన్నాయి, చిన్నది 30 పళ్లు. నా క్యాసెట్ వైపు వంగి చూసి, "దీంతో ఎక్కావా నాయనా? మోకాళ్లు జాగ్రత్త" అన్నారు. ఆర్నెల్లుగా నేను చదివిన వాటిలో బరువు గురించి ఎంతో ఉంది. షిమనోలో బ్యాటరీతో నడిచే రకాన్ని డీఐ2 అంటారు; 105 డీఐ2కీ అల్టెగ్రా డీఐ2కీ బరువులో తేడా ఒక సీసా నీళ్లంత కూడా ఉండదు. ఆ తేడా కోసం రాత్రులు నిద్ర మానుకున్నాను, నా కాళ్లకు ఏ గేరు కావాలో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు.

రెండో రోజు పొద్దున అన్న సైకిల్ ఎక్కాను. 105లో బ్రేక్ లివర్‌ని మొత్తంగా లోపలికి తోస్తే చైన్ పెద్ద పళ్ల వైపు వెళ్తుంది, దాని వెనకున్న చిన్న మీట నొక్కితే చిన్న పళ్ల వైపు. నా పాత సైకిల్‌కీ ఇదే పద్ధతి కాబట్టి వేళ్లకు కొత్తగా అనిపించలేదు. కొత్తగా అనిపించింది గేర్ల మధ్య దూరం. నా క్యాసెట్‌లో 21 తర్వాత 24, ఆ తర్వాత ఒకేసారి 28. అన్న క్యాసెట్‌లో 21, 24, 27, 30, 34. వాలు కొంచెం పెరిగిందా, ఒక గేరు. ఇంకొంచెం పెరిగిందా, ఇంకో గేరు. కాళ్ల లయ ఎక్కడా తెగలేదు. తొమ్మిది స్పీడ్లకీ పన్నెండు స్పీడ్లకీ తేడా ఏముంటుందిలే అనుకునేవాణ్ని. మైదానంలో నిజంగానే పెద్దగా ఉండదు. ఎక్కుడులో చాలా ఉంది.

మధ్యాహ్నం బావ సైకిల్. దీని పద్ధతి వేరు. కుడి మీట నొక్కితే గేరు బరువెక్కుతుంది, ఎడమ మీట నొక్కితే తేలికవుతుంది, రెండూ కలిపి నొక్కితే ముందు చైన్‌రింగ్ మారుతుంది. మొదటి పది నిమిషాలు తికమక పడ్డాను. ఆ తర్వాత వేళ్లు వాటంతటవే నేర్చుకున్నాయి. పైగా అలసిన చేతులకు ఆ మెత్తటి నొక్కు ఎంత సుఖమో చెప్పలేను. ముందు చైన్‌రింగులు 46, 33 అని విని దిగుడులో వేగం చాలదేమో అనుకున్నాను. లెక్క చూస్తే వెనక చిన్న చక్రం 10 పళ్లది. 46కి 10 వేస్తే పెడల్ ఒక్కసారి తిరిగినప్పుడు చక్రం 4.6 సార్లు తిరుగుతుంది. అన్న సైకిల్ మీద 50కి 11 వేస్తే సుమారు 4.55. ఏ కొంచెమో బావదే ఎక్కువ.

సాయంత్రం, బస ఇంకో 12 కిలోమీటర్లు ఉందనగా, వెనక డిరైలర్ మీద చిన్న ఎర్ర లైటు మిణుక్కుమంది. కాసేపటికి గేరు మారడం ఆగిపోయింది. బయల్దేరే ముందు రాత్రి ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయానని బావ ఒప్పుకున్నాడు. నాకు టెన్షన్ వచ్చింది కానీ అతను నింపాదిగా దిగి, ముందు డిరైలర్ బ్యాటరీ ఊడదీసి వెనక దానికి తగిలించాడు. రెండూ ఒకే రకం బ్యాటరీలు. ముందు చైన్‌రింగ్ మారదు, వెనక పన్నెండు గేర్లూ పనిచేస్తాయి. "ముందు చిన్న రింగులోనే ఉంచు, చాలు" అన్నాడు. చాలింది. బ్రేకుల సంగతి అడిగాను. వాటికీ బ్యాటరీకీ సంబంధం లేదు, అవి హైడ్రాలిక్, గొట్టంలోని ద్రవం ఒత్తిడితో నడుస్తాయి. ఆ ద్రవాల్లోనూ తేడా ఉంది. స్రామ్ రైవల్ బ్రేకుల్లో డాట్ ఫ్లూయిడ్, షిమనోలో మినరల్ ఆయిల్. ఒకదానిలో రెండోది పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి.

మూడో రోజు తెల్లవారుజాము నుంచే వాన. ముందుగా 11 కిలోమీటర్ల దిగుడు. నేను మళ్లీ అన్న సైకిల్ తీసుకున్నాను, ఆయన నాది. హైడ్రాలిక్ బ్రేకుల మీద రెండు వేళ్లు వేసి ఉంచితే చాలు. మలుపుకి ముందు కొద్దిగా అదిమితే సైకిల్ ఎంత కావాలో అంతే నెమ్మదిస్తుంది. కింద ఆగాక అన్న గ్లవుజులు తీసి చేతులు దులుపుకుంటూ కనిపించాడు. నా కేబుల్ బ్రేకుల్ని నాలుగు వేళ్లతో పిసికి పిసికి ఆయన అరచేతులు ఎర్రబడ్డాయి. "నీ చేతులు ఇన్నాళ్లూ ఎలా ఓర్చుకున్నాయిరా?" అన్నాడు. గేర్ల సంగతి ఎలా ఉన్నా, హైడ్రాలిక్ బ్రేకులు లేనిది తీసుకోకూడదని ఆ నిమిషంలోనే తేలిపోయింది.

అక్కడి నుంచి ఎవరి సైకిళ్లు వాళ్లం తీసుకున్నాం. మొదటి రోజు నుంచే నా వెనక గేరు కొంచెం మొరాయిస్తోంది. ఒక నొక్కుకి రావాల్సింది రెండో నొక్కుకి వస్తోంది. కేబుల్ సాగి ఉంటుందని బ్యారెల్ (కేబుల్ బిగువు సరిచేసే చిన్న మర) తిప్పి సరిచేస్తూ వచ్చాను. చివరి చిన్న ఎక్కుడులో షిఫ్టర్ లోపల టప్పున శబ్దం, చైన్ గలగలమంటూ 11 పళ్ల చక్రం మీదికి జారిపోయింది. కేబుల్ తెగితే వెనక డిరైలర్‌లోని స్ప్రింగ్ చైన్‌ని చిన్న చక్రం మీదికి లాగేస్తుంది. ఇంకా 9 కిలోమీటర్లు ఉంది, అందులో సగం ఎక్కుడు.

అన్న సంచిలో కొత్త కేబుల్ ఉంది. కానీ పాతదాని తల షిఫ్టర్ లోపలే ఉండిపోయింది. రబ్బరు ముసుగు ఎత్తి చూస్తే, తెగిన సన్నటి ఉక్కు పోగులు పళ్ల చక్రం చుట్టూ చిందరవందరగా చుట్టుకుని ఉన్నాయి. వెంట్రుకలంత సన్నం, వేలికి గుచ్చుకుంటే రక్తం వచ్చేంత పదును. అరగంట ప్రయత్నించి వదిలేశాం. చివరికి బావ రోడ్డు పక్క నుంచి చిటికెన వేలంత పుల్ల విరిచి తెచ్చాడు. నేను వెనక చక్రం ఎత్తి పట్టుకుని పెడల్ తిప్పుతుంటే, అన్న డిరైలర్‌ని చేత్తో లోపలికి తోసి, దాని రెండు రెక్కల మధ్య ఆ పుల్ల బిగించాడు. చైన్ 21 పళ్ల మీద నిలబడింది. ముందు 34, వెనక 21. ఆ ఒక్క గేరుతోనే గమ్యం చేరాను. నిటారుగా ఉన్న రెండు చోట్ల దిగి నడిచాను.

కేబుల్ తెగినవాడు మళ్లీ కేబుల్ గేర్లే కొంటాడా అని బావ అడిగాడు. నేను చాలాసేపు ఆలోచించాను. ఆ కేబుల్ మూడు రోజుల ముందు నుంచీ చెబుతూనే ఉంది, నేనే వినలేదు. ఏడాదికోసారి లోపలి కేబుల్ మార్చుకోవడం నాకు కష్టం కాదు. నేను ఎక్కువగా వెళ్లేవి రోజుల తరబడి సాగే ప్రయాణాలు, ఛార్జింగ్ గుర్తుపెట్టుకునే బాధ్యత ఇంకొకటి తగిలించుకోవాలని లేదు. అన్నిటికంటే పెద్ద కారణం నా కొత్త చక్రాలు. వాటికి ఉన్నది షిమనో హెచ్‌జీ పద్ధతి పదకొండు స్పీడ్ల ఫ్రీహబ్, అంటే వెనక చక్రం మీద క్యాసెట్ కూర్చునే భాగం. 105 పన్నెండు స్పీడ్ల 11-34 క్యాసెట్ దాని మీద నేరుగా కూర్చుంటుంది. బావ క్యాసెట్‌లో 10 పళ్ల చక్రం ఉంది కాబట్టి దానికి ఎక్స్‌డీఆర్ అనే వేరే రకం ఫ్రీహబ్ వేయించాలి. చక్రాలూ సైకిలూ రెండూ కొత్తగా కొనేవాళ్లు అడిగితే మాత్రం రైవల్ ఒకసారి తొక్కి చూడమనే చెబుతాను. ఆ షిఫ్టింగ్ సుఖం నా వేళ్లకి ఇంకా గుర్తుంది.

ఇంటికొచ్చిన వారానికి 105 మెకానికల్ తెప్పించాను. ముందు 50-34, వెనక 11-34, హైడ్రాలిక్ బ్రేకులు. నిన్న బిగించడం పూర్తయింది. వచ్చే నెల అదే ఘాట్‌కి ముగ్గురం మళ్లీ వెళ్తున్నాం. ఆ చివరి 4 కిలోమీటర్లలో బావ చెప్పిన కథ నాకు సగమే వినబడింది. ఈసారి మొదటి నుంచి చెప్పమని అడిగాను.