రాణీఖేత్‌లో బొల్లారం

సెప్టెంబరులో మాత్రం ఉత్తరాఖండ్ కొండల్లోని రాణీఖేత్ వెళ్లకండి. కిటికీ తెరిస్తే త్రిశూల్, నందాదేవి ఎదురుగా ఉంటాయని చెప్పి గదికి అదనంగా వసూలు చేశారు. మూడు రోజులు కిటికీ తెరిచే ఉంచాను. పొగమంచు లోపలికి వచ్చి దుప్పట్లు తడిపింది తప్ప ఒక్క శిఖరమూ కనబడలేదు. వెళ్లడమూ అలాగే అయింది. కాఠ్‌గోదాం నుంచి ఎనభై కిలోమీటర్లకు షేర్ జీపులో ఆరు గంటలు పట్టింది. అందులో కైంచీ ధామ్ దగ్గర కార్ల వరుసలో కదలకుండా కూర్చున్నవే రెండు గంటలు. వెనక సీట్లో నలుగురం, నా ఒళ్లో ఎవరిదో ఉల్లిపాయల సంచి. ఖైర్నా వంతెన దాటేసరికి ఆ సంచి మీద నాకు మమకారం కూడా పుట్టింది.

మూడో రోజు ఏమీ తోచక కుమావోన్ రెజిమెంటు మ్యూజియానికి నడిచాను. రాణీఖేత్ దండు ఊరు. చెట్ల మధ్య సున్నం కొట్టిన రాళ్లు, ఊడ్చిన దారులు, అడుగడుగునా కాపలా. ఇంత దూరం వచ్చి మళ్లీ సికింద్రాబాదు పక్కనున్న మా బొల్లారాన్నే చూస్తున్నానా అని విసుగేసింది.

ఆ విసుగులో ఎంత నిజం ఉందో లోపలికి వెళ్లాక తెలిసింది. రెజిమెంటు పాత పేర్ల దగ్గర "హైదరాబాద్" అని కనబడి ఆగిపోయాను. 1945 అక్టోబరు 27 వరకు దీని పేరు 19వ హైదరాబాద్ రెజిమెంటు!

బయట టీ కొట్టు దగ్గర ఎర్ర స్వెట్టరు వేసుకున్న ఒక పెద్దాయన నన్ను చూసి "ఏ ఊరు సాబ్?" అని అడిగారు. చెప్పగానే బల్ల మీద పక్కకు జరిగి చోటిచ్చారు. రిటైరైన సుబేదారట. "అయితే మన పల్టన్ పుట్టిల్లు మీదే" అన్నారు.

అప్పటి నుంచి వర్షం తగ్గేదాకా ఆయన చెబుతూనే ఉన్నారు. అన్నిటికన్నా పాత పటాలం 1788 నాటిది. నిజాం కింద బేరారులో, అంటే ఇప్పటి విదర్భలో, ఎలిచ్‌పూర్ నవాబుగా ఉన్న సలాబత్ ఖాన్ దాన్ని లేవదీశాడు. అదే ఇప్పటి నాలుగో కుమావోన్. మొట్టమొదటి పరమవీరచక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ, 1947 నవంబరు 3న బడ్‌గాంలో కన్నుమూసినది ఆ పటాలంలో ఉండగానే. 1962 చైనా యుద్ధంలో పదమూడో పటాలం చేసిన రెజాంగ్ లా పోరు గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆయన గ్లాసు కింద పెట్టి చెప్పారు.

నా బుర్ర హైదరాబాదు దగ్గరే ఆగిపోయింది. 1813లో మన కోఠీ రెసిడెన్సీలో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న హెన్రీ రస్సెల్ తన పేరుతోనే ఒక బ్రిగేడు పెట్టించాడు. జీతాలు మాత్రం నిజాం ఖజానా నుంచి! అవి ఇవ్వలేక నిజాం సర్కారును నడిపిన చందూలాల్, పామర్ కంపెనీ అనే వడ్డీ వ్యాపారుల దగ్గర నూటికి ఇరవైకి పైగా వడ్డీకి అప్పులు చేశాడు. ఈ సైన్యం కింద పేరుకున్న బాకీ చూపించే 1853లో ఈస్టిండియా కంపెనీవాళ్లు బేరారును చేతిలోకి తీసుకున్నారు. హైదరాబాద్ కంటింజెంటు అనే ఆ సైన్యానికి కేంద్రం మా బొల్లారం. రోజూ కూరగాయలకు వెళ్లే రిసాలా బజారులో రిసాలా అంటే గుర్రపు దళమని తెలుసు గానీ, ఎవరి గుర్రాలో నేనెప్పుడూ ఆలోచించలేదు.

1903లో కంటింజెంటు కాల్బలాలు ఆరూ 94 నుంచి 99 వరకు నంబర్లతో భారత సైన్యంలో కలిశాయి. 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటు అయింది. ఈలోగా కొన్ని కులాలే యుద్ధానికి పనికొస్తాయన్న తెల్లవాళ్ల సిద్ధాంతం బలపడి దక్కనువాళ్లు తగ్గుతూ వచ్చారు. కుమావోనీలు, అహీర్లు, జాట్లు పెరిగారు. ఒకప్పుడు ఉత్తరాదిన సిపాయి అంటే "తిలంగా", మన తెలుగు నేల మాట. ఆ నేల మనుషులే పనికిరాకుండా పోయారు! చివరికి ఊరి పేరూ పోయింది. పోనిది ఒకటి ఉంది. పెద్దాయన టోపీ తీసి బిళ్ల చూపించారు. శిలువ పట్టుకుని నిలబడిన సగం సింహం. అది రస్సెల్ ఇంటి చిహ్నంలోని సింహమట. డబ్బు కట్టినవాడి గుర్తు ఒక్కటీ లేదు, కట్టించినవాడి సింహం మాత్రం రెండు వందల ఏళ్లు దాటినా టోపీ మీద ఉంది.

ఈ మాటే ఆయనతో అన్నాను. "సింహం ఎవరిదైతేనేం సాబ్, మెరిసేలా తోమింది మేమే" అన్నారు. ఇదే రెజిమెంటులో పనిచేసిన జనరల్ శ్రీనగేశ్ తరువాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా ఉన్నారని నేను చెబితే చాలా సంతోషించారు. ఆయనకు తెలియనిది నేను చెప్పగలిగింది అదొక్కటే.

వర్షం తగ్గింది. టీలకు డబ్బు తీయబోతూ మర్యాదకు ఆయన వైపు చూశాను. ఆయన జేబు వైపు చెయ్యి కూడా పోలేదు.

"ఇవ్వండి, ఇవ్వండి. జీతాలే మీవాళ్లు ఇచ్చారు, టీ ఎంత!"

రెండు టీలు, ఒక బన్ను, డెబ్బై రూపాయలు.